గతిశబ్ద విచారము

తెలుగువాడు దినమున కెన్నిమార్లో పలుకుచు, పలికినట్లే యెఱుగని మాటలలో 'గతి' యొకటి. పని దొరకని దినమున నతడు 'ఇక గంజియే గతి' యనును. ఎదుటివాడు మితిమీరి మాటలాడినపుడు 'గతిలేక నీ గడప తొక్కితి ననుకొంటివా' యని విసురుగా లేచిపోవును. పొరుగువాని కొడుకు చెడిపోయినచో 'వాని గతి యట్లైన'దని నిట్టూర్చును. వ్యాజ్యమోడిన పిమ్మట గత్యంతరము లేక పొలమమ్ముకొనును. కడకు ముసలితనమున గుడిలో చేతులు మోడ్చి 'నీవే గతి' యనును. వీనిలో దేనియందును నడక యను నర్థము లేశమాత్రమైనను వినబడదు. గతిలేనమ్మకు గంజే పానకమను సామెతలోని యిల్లాలికి కాళ్లు లేకపోలేదు. ఆమె తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు నడచుచునే యున్నది. నడచి చేరదగిన చోటు మాత్రము లేదు.

అయినను ఏ సంస్కృత నిఘంటువు తెఱచినను గతి శబ్దమునకు మొదట కనబడు నర్థము గమనమే. పోవుట యను నర్థముగల 'గమ్' ధాతువుమీద, క్రియను స్త్రీలింగ నామముగా జేయు 'క్తిన్' ప్రత్యయము చేరగా, ధాతువు చివరనున్న మకారము లోపించి 'గతి' యైనది. నమ్ నుండి నతియు, రమ్ నుండి రతియు, మన్ నుండి మతియు పుట్టినది యీ మార్గముననే. ఆ గమ్ ధాతువే ద్విత్వము నొంది 'జగత్తు' అయినది. లోకమునకు పేరు పెట్టవలసి వచ్చినపుడు మన పూర్వులు దాని వైశాల్యమును గాని, కొండలు రాళ్లతో గూడిన దాని దార్ఢ్యమును గాని గణింపక, కదలుచుండునది యని పేరిడుట చూడగా, స్థిరమైన వస్తువు కొఱకు వారు పడిన తపన యెక్కడ మొదలైనదో కొంత బోధపడును. కదలనిదే లేని చోట నిలుకడకు విలువ హెచ్చుట సహజమే.

పోవుట యను భావమునకు భారతదేశమున నొక్క మాటయే లేదు. క్రీ.పూ. 2వ శతాబ్దివాడని పండితులు తలచు పతంజలి, మహాభాష్యము తొలి యాహ్నికమున, దేశభేదముచేత ధాతుప్రయోగ మెట్లు మాఱునో చెప్పుచు, పోవుటకు సురాష్ట్రమున 'హమ్మతి' యనియు, ప్రాచ్య మధ్యదేశములయందు 'రంహతి' యనియు వాడుదురనియు, ఆర్యులు గమ్ ధాతువునే ప్రయోగింతురనియు వ్రాసెను. కాంబోజులు 'శవతి' యందురట. ఆ ధాతువునుండి కలిగిన 'శవ' మను రూపము మాత్రమే యార్యుల వాడుకలో నున్నదట. ఈ సంగతి పతంజలికంటె ముందే యాస్కుడు నిరుక్తమున చెప్పియుండెను. ఒక జాతివారు 'పోవుచున్నాడు' అని పలికిన ధాతువు వేఱొక జాతివారి నోట పీనుగునకు పేరైనదన్న మాట! శవతి యనునది ప్రాచీన పారసీక భాషాకుటుంబములోని పదమేయని నేటి భాషావేత్తలు గుర్తించిరి. దాని వంశమునకు చెందిన 'షుదన్' అను క్రియ యిప్పటి పారసీ భాషలో పోవుట యను నర్థమును విడిచి 'అగుట' యను నర్థమున స్థిరపడినది. మన తెలుగువారికి ఇందులో వింతపడవలసిన దేమియు లేదు. 'ఆయన నిన్న రాత్రి పోయినాడు' అన్నచో నెక్కడికని యడుగు తెలుగువా డెవడును లేడు. గతించుట యన్నను అదియే.

సముద్రముల కావల నీ పదమునకు తోబుట్టు వొకతె కలదు. 1786లో విలియం జోన్సు కలకత్తాలో సంస్కృత గ్రీకు లాటిను భాషలకు మూలమొక్కటియే కావచ్చునని ప్రకటించిన పిమ్మట, శబ్దశాస్త్రజ్ఞులు వర్ణములు మాఱు విధమును సూత్రబద్ధము గావించిరి. వాని ననుసరించి సంస్కృతమున గకారముండు కొన్ని పదములకు గ్రీకున బకారము కానవచ్చును. మన 'గో' శబ్దము వారికి 'బౌస్'. ఆ లెక్కను మన 'గతి' గ్రీకులకు 'బాసిస్'. ఆ మాటకు మొదటి యర్థ మడుగు వేయుట. పిదప నడుగు వేయబడు చోటు. ఆ పిదప విగ్రహము నిలుచు పీఠము, కట్టడమునకు ఆధారము. నేడు మనవారు ఇంగ్లీషునుండి తెచ్చుకొని విరివిగా వాడు 'బేస్' అను మాట యదియే. వేల యోజనముల దూరమున, పరస్పర ప్రసక్తి లేకయే, నడక యను పద మీ రెండు భాషలలోను నిలుకడకు పేరైనది. దీనిని కాకతాళీయమని త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. అడుగు వేయువాడు అడుగు మోపుటకు చోటు కోరును గదా.

మన దేశమున నీ యర్థపరిణామము జరిగిన వేళను దాదాపు కన్నులార చూడవచ్చును. ఛాందోగ్యోపనిషత్తు ప్రథమ ప్రపాఠకమున శిలక శాలావత్యుడు, చైకితాయన దాల్భ్యుడు, ప్రవాహణ జైవలి యను మువ్వురు ఉద్గీథవిద్యానిపుణులు కూర్చుండి చర్చింతురు. మొదటి యిరువురును బ్రాహ్మణులు, మూడవవాడు పాంచాలరాజు. సామమునకు గతి యేమని శిలకు డడుగగా స్వరమని దాల్భ్యు డనును. స్వరమునకు ప్రాణము, ప్రాణమునకు అన్నము, అన్నమునకు జలము, జలమునకు స్వర్గలోకము గతియని యొక్కొక్క మెట్టే యెక్కి, స్వర్గమును దాటి సామమును తీసికొనిపోరాదని దాల్భ్యు డాగిపోవును. అట్లయినచో నీ సామమునకు ప్రతిష్ఠ లేదని శిలకుడు మందలించి, స్వర్గమునకు ఈ భూలోకమే గతియని తాను నిలుపజూచును. అప్పుడు రాజు, నీ సామము అంతము గలదియే యని, భూలోకమునకును గతియైనది ఆకాశమని తేల్చును. ఈ యాకాశము పంచభూతములలోనిది కాదనియు, బ్రహ్మమే యనియు బాదరాయణుడు బ్రహ్మసూత్రములలో దీనికొఱకు ప్రత్యేకముగ నొక సూత్రము రచించెను.

ఇందలి గతిశబ్దమునకు వ్యాఖ్యాతలు ఆశ్రయమని యర్థము చెప్పిరి. స్వరము ప్రాణమునొద్దకు నడచిపోదు, ప్రాణముమీద నిలుచును. అయినను అడిగినవాడు ఆశ్రయ మేదని యడుగలేదు, గతి యేదనియే యడిగెను. ప్రతి వస్తువును తన యాధారమువైపు పోవుచున్నదనియు, ఆ యాధారమును చేరిన తోడనే యదియు కదలి మఱొక యాధారమువైపు పోవుచున్నదనియు నా ప్రశ్న ధ్వనించుచున్నది. గంజియే గతి యనిన తెలుగు కూలివాని మాటకును, అన్నమే ప్రాణమునకు గతియనిన దాల్భ్యుని మాటకును భేద మంతగా లేదు.

ఈ ప్రవాహణుడే, పేరులోనే ప్రవాహము గల యీ రాజే, అదే యుపనిషత్తు పంచమ ప్రపాఠకమున మరల దర్శనమిచ్చును. చదువు ముగించుకొని గర్వముతో సభకు వచ్చిన శ్వేతకేతువును అతడు వరుసగా నైదు ప్రశ్నలడుగును. మనుష్యు లిచటినుండి యెక్కడికి పోవుదురు, ఎట్లు మరలి వత్తురు, దేవయాన పితృయానము లెచట విడిపోవును, ఆ లోక మేల నిండిపోదు, అయిదవ యాహుతియందు జలము పురుషు డెట్లగును? ఒక్కదానికిని బదులు చెప్పలేక బాలుడు తండ్రికడకు పరుగెత్తి మొఱపెట్టుకొనును, తండ్రికిని తెలియదు, తండ్రి వచ్చి రాజును శిష్యుడై యాశ్రయించును. అప్పుడు రాజు చెప్పిన రెండు త్రోవలే తరువాత గీతలో శుక్లకృష్ణ గతులను పేరుతో కనబడును. ఒక త్రోవ అర్చిస్సు, పగలు, శుక్లపక్షము, ఉత్తరాయణ మాసములు, సంవత్సరము, సూర్యుడు, చంద్రుడు, మెఱపు దాటి, అమానవ పురుషుడు చేయిపట్టి బ్రహ్మలోకమునకు గొనిపోవునది. రెండవది పొగ, రాత్రి, కృష్ణపక్షము, దక్షిణాయనముల మీదుగా చంద్రునివఱకు పోయి, పుణ్యము కరగినంతనే ఆకాశము, వాయువు, ధూమము, మేఘము, వర్షము ద్వారమున వరిలోనికిని యవలలోనికిని తిరిగి దిగివచ్చునది. ఈ రెంటిలో నే దారియు దొరకక మాటిమాటికి పుట్టి చచ్చు క్షుద్రజంతువుల దశ మూడవదియట. ఆ లోకము నిండకుండుటకు నదియే కారణమట. లోక మేల నిండిపోదను ప్రశ్నలో నొక పాలకుని బుద్ధి పనిచేసినదని నాకు తోచును. అర్చిస్సును పొగను వివరించుట కర్మిష్ఠులు చేయగలరు గాని, జనసంఖ్య లెక్క చూచుకొనుట రాజులకే తోచును.

గతి యన్న తోడనే పరలోకమునకు పరుగెత్తక, కదలిక యనగా నేమో ముందు చూడుడని మనలను నేలమీద నిలిపినవారు వైశేషికులు. ఈ శాస్త్రమున మన తెలుగువారికి గర్వకారణమైన పేరు తర్కసంగ్రహ కర్తయైన అన్నంభట్టు. ఆంధ్రదేశమున పుట్టి కాశికిపోయి కీర్తి గడించిన యీ పండితునిబట్టియే, కాశికి పోయినంత మాత్రమున నెవడును అన్నంభట్టు కాజాలడను నానుడి పండితులలో పుట్టినది. గమనమునకును గతికిని గల దూరమును ఇంతకంటె పొదుపుగా చెప్పుట కష్టము. తర్కశాస్త్రము ననుసరించి చలనమే కర్మ. పైకెత్తుట, క్రిందికి వేయుట, ముడుచుట, చాచుట, గమనము అని యది యైదు విధములు. గిరగిర తిరుగుటయు, స్రవించుటయు, మంట పైకి లేచుటయు గమనములోనివే. వారు కదలికను క్షణముల క్రింద కోసి చూచిరి: మొదట వస్తువునందు కర్మ పుట్టును, దానివలన పూర్వదేశమునుండి విభాగము కలుగును, ఆ తరువాత పూర్వసంయోగము నశించును, పిమ్మట నుత్తరదేశముతో సంయోగ మేర్పడును, అది యేర్పడుటతో నా కర్మ నశించును. అనగా చేరుటయే కదలికకు మృత్యువు. వింటిని విడిచిన బాణము దూరము పోవుటకు వేగమను సంస్కారము నొకదానిని వారు కల్పించుకొనవలసి వచ్చినది.

ఇంత శ్రద్ధగా కోసిన క్షణములను చేతిలోనికి తీసికొని, వీనిలో నడక యెక్కడ నున్నదో చూపుడని యడిగినవాడు నాగార్జునుడు. శాతవాహన ప్రభువునకు హితలేఖ వ్రాసినవాడనియు, శ్రీపర్వతమున నివసించెననియు ప్రసిద్ధి వహించిన యీ బౌద్ధాచార్యుని పేరు, కృష్ణాతీరమున నాగార్జునకొండకు నిలిచిపోయినది. ఆయన మధ్యమకకారికలలో రెండవ ప్రకరణమంతయు గతాగతపరీక్షయే. గడచిన బాటలో నడక లేదు, అది ముగిసిపోయినది. గడవని బాటలో నడక లేదు, అది మొదలే కాలేదు. ఈ రెంటికిని నడుమ 'ఇప్పుడు నడుచుచున్న బాట' యని మూడవ దొకటి కలదని మీరందురేని, గడచినదానిని గడవనిదానిని తీసివేసి దానిని చూపుడని ఆయన నిలదీయును. అంతటితో విడువడు. నడచువాడు నడుచుచున్నాడని లోకమనుచున్నదే, వాడు నడచువాడగుటకు నొక నడకయు, మరల నడచుటకు నొక నడకయు, వెరసి రెండు నడకలు కావలయునా యని ప్రశ్నించును. గ్రీసు దేశమున జీనో, ఎగురు బాణము ప్రతి క్షణమునను ఒక్క చోటనే నిలిచియున్నదని వాదించి కదలికను కాదనెను. ఆయన కోరినది మార్పులేని యొక సత్తను నిలువబెట్టుట. నాగార్జునుడు నిలుకడనుగూడ నట్లే పరీక్షించి, నిలుచువాడును నిలుచుట లేదని, పీఠమునే లాగివేసెను. గతినుండి ఆశ్రయము నాశించువారికి ఇంతకంటె కఠినమైన సమాధానము లేదు.

ఈ తర్కము పుట్టుటకు ముందే శిల్పులు దానిని రాతిలో పలికిరా యనిపించునట్టివి అమరావతి ఫలకములు. ప్రాచీన శిల్పములందు బుద్ధుని మూర్తిని చెక్కక, ఒక రాతిపలకమీద జంటగా రెండు పాదముల ముద్రలను మాత్రమే చెక్కి, అరికాలి నడుమ అనేకములైన యాకులు గల చక్రమును దిద్దిరి. నడచినవాడు కానరాడు, నడకయు కానరాదు, కాళ్లు మోపిన గుర్తులు రెండును ప్రక్కప్రక్కనే, నిలుచున్నట్లు, ఉన్నవి. బుద్ధునకు సుగతుడని, తథాగతుడని పేర్లు. 'తథా' తరువాత 'గత' యని విడదీసిన నట్లు పోయినవాడు, 'ఆగత' యని విడదీసిన నట్లు వచ్చినవాడు. సంధియం దాకార మొక్కటియే వినబడుటచేత రెండును చెల్లును.

జైనుల పుంత వేఱు. దేవ, మనుష్య, తిర్యక్, నారకములని జీవునకు గతులు నాలుగు. స్వస్తికము నాలుగు చేతులు నీ నాలుగు గతులకు గుర్తని వారందురు. అయితే వారు మఱెవ్వరును వేయని ప్రశ్న నొకదానిని వేసిరి: కదలుటకు జీవునకు శక్తి యున్నది సరే, కదలనిచ్చున దేది? చేప యీదుటకు నీరెట్లో, అట్లు గతికి తోడ్పడు ద్రవ్య మొకటి లోకమంతట నిండియున్నదని వారి సిద్ధాంతము. దాని పేరు ధర్మము. నిలుచుటకు తోడ్పడున దధర్మము. పుణ్యపాపములతో నీ పేర్లకు సంబంధము లేదు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ననుసరించి, కర్మ వదలిన జీవుడు సహజముగనే పైకి పోవును. మట్టిపూత కరగిన సొరకాయ నీటిమీదికి తేలినట్లు, కాయ పగిలిన యాముదపు గింజ యెగిరినట్లు. అట్లు పోవుచు లోకాగ్రమున నాగిపోవును. ఏల యాగవలయును? ఆపైన ధర్మద్రవ్యము లేదు గనుక. ముక్తుడైన జీవుడుగూడ దారి ముగిసిన చోట నాగవలసినదే యని చెప్పుటకు వారు జంకలేదు. మతములు మోక్షమును వర్ణించునపుడు సాధారణముగ చూపు నుదారతకంటె నీ నిక్కచ్చితనమునే నేను మెచ్చుకొందును.

వేదాంతులలో నీ వివాదము పేళ్లతోసహా నిలిచియున్నది. బ్రహ్మవేత్త దేవయానమున పోయి చేరునది కార్యబ్రహ్మమేయని బాదరియు, పరబ్రహ్మమేయని జైమినియు చెప్పినట్లు బ్రహ్మసూత్రములలో నున్నది. శంకరులు బాదరి పక్షము వహించిరి. అంతట నిండియున్నదానిని చేరుటకు ప్రయాణ మేల? తాను ఏదియైయున్నాడో దానియొద్దకు తాను పోవుట యెట్లు? కావున నిర్గుణబ్రహ్మజ్ఞానికి గతియే లేదు. ప్రాణములు శరీరమునుండి వెడలిపోక యక్కడనే లీనమగునని బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు జనకునకు చెప్పిన మాట వారికి ప్రమాణము. తెలుగు వాడుకలో తిట్టుగా వినబడు 'గతిలేనివాడు' అను మాట, శంకరుల శాస్త్రమున పరమోత్కృష్ట పురుషునకు చెల్లు లక్షణమైనది. వ్యాకరణ పండితులు పోవుట యను నర్థముగల ధాతువు లన్నియు తెలియుట యను నర్థమునను వచ్చునని చెప్పుదురు. అద్వైతులకు ఆ న్యాయము నచ్చినంతగా మఱెవరికిని నచ్చియుండదు. అవగతమైనదన్న చాలును, పోనక్కఱలేదు.

రామానుజులు దీని నంగీకరింపలేదు. చేరవలసిన ప్రభువు వేఱు, చేరువాడు వేఱు అయినపుడు త్రోవయు సత్యమే, అర్చిస్సు మొదలగు విడుదులును సత్యములే. అయితే ఆ త్రోవ నడువగల కాళ్లెవరికున్నవి? జ్ఞానకర్మభక్తులలో నేదియు లేని యకించనునకు, అనన్యగతికి వారు చూపినది శరణాగతి. ఈ పదమున శరణము తరువాత నున్నది ఆగతి, అనగా వచ్చుట. ఎవరు వచ్చుట యను ప్రశ్నమీదనే వారి శిష్యపరంపర తరువాతి కాలమున రెండు పాయలైనది. వేదాంతదేశికుల ననుసరించువారు, పిల్ల కోతి తల్లి పొట్టను పట్టుకొన్నట్లు జీవుడు కొంతయైనను తన పట్టు తాను పట్టవలయు ననిరి. పిళ్లై లోకాచార్యుల పక్షమువారు, పిల్లి తన కూనను నోట కఱచుకొనిపోవునపుడు కూన చేయు పని యేమున్నదని యడిగిరి. కూన కదలుట లేదు, కదలునది తల్లి. ఇన్ని శతాబ్దములుగా జీవు డెక్కడికి పోవునని విచారించిన గతిశబ్దము నీ రెండవ పక్షమువారు త్రిప్పి యీశ్వరునిమీద పెట్టిరి.

ఈ తత్త్వమును శాస్త్రముగా చదువని తెలుగువారికి దీనిని నేర్పినవాడు పోతన. గజేంద్రమోక్షమున మకరి పట్టుకొన్నది యేనుగు పాదమునే. అంత దేహమును అంత బలమును ఉండియు నది యడుగు వేయలేదు. సంస్కృత భాగవతమున నీ ఘట్టమున విష్ణువు చక్రము ధరించి గరుడునిపై నెక్కి వచ్చును. రాజు రావలసిన మర్యాదతోనే వచ్చును. పోతన చేతిలో నా మర్యాదలన్నియు నెగిరిపోయినవి. లక్ష్మితో చెప్పుట లేదు, ఆయుధములు పూనుట లేదు, పక్షిరాజును సిద్ధపఱచుట లేదు. ఆమె చెఱగు తన చేతనున్నదనియు తెలియుట లేదు. వాహనమును తీసివేసి పోతన గమనమును మాత్రము మిగిల్చెను. వెనువెంట లక్ష్మియు, ఆమె వెనుక నంతఃపుర జనమును, గరుడుడును, శంఖచక్రములును, నారదుడును, విష్వక్సేనుడును, వైకుంఠమున నున్న యాబాలగోపాలమును, స్వామి యెక్కడికి పోవుచున్నాడో యొకరికిని తెలియకయే, బయలుదేరి వచ్చిరి.